"నువ్వు" అంటున్నది ఎవరు?

సినిమా మొదలైంది కానీ తెర మీద ఏమీ లేదు. అంతా నలుపు. ఆ నలుపులోంచి ఒక బొంగురు గొంతు మాట్లాడుతోంది. బాపు, అంటే మా నాన్న, కాసేపు ఓపిక పట్టి, లేచి వెళ్ళి టీవీ వెనక వైరు కదిలించి చూశాడు.

"బొమ్మ రాలేదేందిరా?"

"వచ్చింది బాపూ. బొమ్మే అట్ల ఉంటది. కూసో."

అప్పటికి తెర నడుమ ఒక తెల్లచుక్క కనిపించింది. చుక్క బిళ్ళంతైంది, బిళ్ళ తాంబాళమంతైంది. చూస్తే అది సొరంగం నోరు. మనం ఇంతసేపూ రైలు ముందు నిలబడి చీకట్లో ప్రయాణం చేస్తున్నామన్నమాట. రైలు సొరంగం దాటి వెలుతుర్లో పడేదాకా ఆ గొంతు చెప్పిందంతా ఒక పుట్టుక గురించి. నొప్పితో పుట్టావనీ, ఏడుపుతో పుట్టావనీ, కోపం పుట్టుకతోనే వచ్చిందనీ. రైల్లో ఉన్నది ఫ్రాంకీ బోనో. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుంచి న్యూయార్క్‌కి వస్తున్న కిరాయి హంతకుడు. క్రిస్మస్ రోజులు.

సినిమా పేరు "బ్లాస్ట్ ఆఫ్ సైలెన్స్". 1961లో వచ్చింది. నలుపు తెలుపు, 77 నిమిషాలు. తీసిందీ, ఫ్రాంకీగా నటించిందీ ఆలెన్ బారన్ అనే ఆయనే. పాత క్రైమ్ సినిమాలు బాగా చూసేవాళ్ళలో కూడా చాలామందికి దీని పేరు తెలియదు. నాకూ ఆలస్యంగానే దొరికింది. హన్మకొండలో మా ఇంట్లో, సంక్రాంతి సెలవుల్లో, ఐనవోలు మల్లన్న జాతరకు పోయి వచ్చిన సాయంత్రం బాపుకు చూపించాను. బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మనిషి. ఇంగ్లిష్ రాదు. కాబట్టి పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని నాది. నా ఉద్యోగమూ అనువాదమే, ఏం కష్టం అనుకున్నాను.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ఈ సినిమాలో కథ చెప్పే గొంతు "నేను ఫలానా చోటికి వెళ్ళాను" అనదు. ఆ కాలపు క్రైమ్ సినిమాల్లో హీరో తన కథ తనే చెప్పుకోవడం మామూలే. "అతను వెళ్ళాడు" అని కూడా అనదు. మొదటి నుంచి చివరి దాకా "నువ్వు" అంటుంది. నువ్వు రైలు దిగావు. నువ్వు ఒంటరివి. నీకు అదే ఇష్టం. పేరు చెప్పని ఒకాయన ఫ్రాంకీ చెవి పక్కనే నిలబడి వాడి కథ వాడికే చెబుతున్నట్టు ఉంటుంది. ఫ్రాంకీకి ఆ గొంతు వినబడుతుందో లేదో సినిమా చెప్పదు. వాడు ఒక్కసారి కూడా జవాబివ్వడు.

ఇంగ్లిష్‌లో ఇది తేలిక. "యూ" అనే ఒక్క మాటతో దేవుణ్ణీ పిలవచ్చు, కుక్కనీ పిలవచ్చు. ఆ గొంతుకీ ఫ్రాంకీకీ ఉన్న చుట్టరికం ఏమిటో తేల్చకుండానే 77 నిమిషాలు నడిపించేయవచ్చు. తెలుగులో అట్లా కుదరదు. పిలుపులోనే పిలిచేవాడెవడో తెలిసిపోతుంది. "మీరు రైలు దిగారు" అన్నానా, ఆ గొంతు రైల్వే గుమస్తాది అయిపోతుంది. నేను రోజూ రాసే బ్యాంకు యాప్‌ల భాష అదే. "మీ చెల్లింపు విఫలమైంది" అని చావు కబురు కూడా చేతులు కట్టుకుని చెబుతాం. "నీవు" అంటే పద్యనాటకం. ఇక మిగిలింది "నువ్వు".

అయితే మా దిక్కు "నువ్వు" అంత సులువైన మాట కాదు. బాపును నేను నువ్వనే అంటాను, "బాపూ నువ్వు తిన్నవా" అని. అది అమర్యాద కాదు, దగ్గరితనం. ఠాణాలో పోలీసాయన "నువ్వెవనివిరా" అన్నా అదే మాట. మేస్త్రి కూలీని పిలిచినా అదే, గుడి ముందు నిలబడి మల్లన్నను అడిగినా అదే. మాట ఒక్కటే, తేడా అంతా గొంతులో ఉంటుంది. అందుకని బాపు మొదట అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న.

"గాయన ఎవలురా? వాన్ని నువ్వు నువ్వు అంటున్నది?"

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ముందు కథ. ఫ్రాంకీకి వచ్చిన పని ట్రొయానో అనే మధ్యస్థాయి ముఠా నాయకుణ్ణి చంపడం. పని అప్పగించే మనిషి స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ మీద, పడవలో జనం మధ్య, సగం డబ్బు చేతిలో పెడతాడు. మిగతా సగం పని అయ్యాక. పని అవ్వకముందు ఎవరి కంటనైనా పడితే ఒప్పందం రద్దు.

ఇట్లాంటి డబ్బుకి మన పేపర్లలో మాట "సుపారీ". వక్క అని అర్థం. బొంబాయి నేరవార్తల నుంచి హిందీ మీదుగా మన జిల్లా ఎడిషన్ల దాకా వచ్చింది. "సుపారీ ఇచ్చి చంపించాడు" అని చదివినప్పుడు అది వక్క అని ఎవరికీ గుర్తురాదు. తాంబూలం పుచ్చుకుంటే మాట ఖాయమైనట్టే అన్న పాత మర్యాదే అందులో దాగి ఉంది. బాపు మాత్రం సుపారీ అనలేదు. పడవ సీను చూసి, "బయాన ఇచ్చిండు" అన్నాడు. భూమి కొనేటప్పుడు, ఎడ్ల జత మాట్లాడుకున్నప్పుడు ఇచ్చే డబ్బు బయానా. నాకు ఆ మాటే బాగా నచ్చింది. ఎందుకంటే ఈ సినిమా నేరం గురించి కంటే ఎక్కువగా బయానా గురించి. డబ్బు తీసుకున్నాక వెనక్కి ఇవ్వగలమా లేదా అన్నది అసలు కథ.

చేతిలో డబ్బు పడ్డాక ఫ్రాంకీ చేసే పని ఎక్కువ భాగం ఎదురుచూడటం. కార్లో కూర్చుని చూస్తాడు. ట్రొయానో ఇల్లు, పిల్లలు, వెంట ఉండే కాపలావాళ్ళు, పక్కింటి వేళలు. ఏ రోజు ఎక్కడ ఉంటాడు, ఎక్కడ ఒంటరిగా దొరుకుతాడు అని లెక్కలు. చివరికి ట్రొయానోకి ఒక ప్రియురాలు ఉందనీ, ఆమె ఇంటికి వెళ్ళేటప్పుడు కాపలావాళ్ళు వెంట రారనీ పట్టుకుంటాడు. తుపాకీ కోసం బిగ్ రాల్ఫ్ అనే భారీకాయుడి దగ్గరికి పోతాడు. ఆయన గదిలో పంజరాల్లో ఎలుకలు పెంచుకుంటుంటాడు. ఆ పాత్ర వేసిన లారీ టక్కర్ తర్వాతి కాలంలో సినిమా రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఎలుకలకు ముద్దుపేర్లు పెట్టుకుని, వచ్చినవాడిని నిలువునా దోచుకునే ఆ మనిషి సినిమాలో ఉన్నది కాసేపే అయినా మరిచిపోలేం.

ఈ ఎదురుచూపు దృశ్యాల్లోనే ఆ గొంతుకు పని ఎక్కువ. ట్రొయానోని దూరం నుంచి చూస్తున్నప్పుడు గొంతు ఏం చేస్తుందో గమనించండి. అసహ్యించుకోవడానికి కారణాలు ఏరి పెడుతుంది. మొహం చూడు, మీసం చూడు అంటుంది. ఫ్రాంకీకి ట్రొయానో మీద ఏ పగా లేదు. ముక్కూ మొహం తెలియదు. తెలియని మనిషిని చంపాలంటే మనసులో ఏదో ఒకటి పుట్టించుకోవాలి. గొంతు ఆ సరుకు అందిస్తుంది. చేతులు చల్లబడితే చెబుతుంది, తొందరపడితే ఆపుతుంది, ఒంటరితనం గుచ్చుకుంటే నీకు అదే మంచిదని సర్దిచెబుతుంది.

బాపు సకినం కొరుకుతూ తన జవాబు చెప్పేశాడు. "వాని మేస్త్రిరా గది."

మిల్లులో మిషను మీద నిలబడ్డప్పుడు బుర్ర పక్కకు పోతే వేలు పోతుంది. అందుకని వెనక ఒకడు నిలబడి చెబుతూనే ఉంటాడు. అటు చూడకు, చెయ్యి తియ్యి, దారం తెగింది చూడు. కొన్నేళ్ళకు మేస్త్రి లేకపోయినా ఆ మాటలు చెవుల్లో వినబడుతూనే ఉంటాయట. ఇంటికొచ్చి అన్నం తింటున్నా వినబడతాయట. బాపు లెక్కలో ఫ్రాంకీ నేరస్థుడు కాదు, కూలికి పోయినవాడు. ఆ గొంతు వాడి లోపలికి దిగిపోయిన మేస్త్రి.

ఈ జవాబును నేను చాలాసేపు ఒప్పుకున్నాను. ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. సినిమా కూడా అదే దారిలో నడుస్తుంది. హత్యను ఒక వ్యాపారంగా, ఒక పనిగా మాట్లాడుతుంది. 1958లో ఇర్వింగ్ లెర్నర్ తీసిన "మర్డర్ బై కాంట్రాక్ట్" అని ఇంకో చిన్న సినిమా ఉంది. అందులోనూ కిరాయి హంతకుడే, ఇల్లు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఈ పనిలోకి దిగుతాడు. అయితే క్లాడ్ అనే ఆ హంతకుడు తన తత్వం తానే నోటితో చెప్పుకుంటాడు, వినేవాళ్ళు విసిగిపోయేదాకా. ఫ్రాంకీకి ఆ భాగ్యం లేదు. వాడి తత్వం కూడా వేరేవాడే చెప్పాలి. సొంతంగా "నేను" అనుకునే తీరిక కూడా లేనంతగా పనిలో ఇరుక్కున్న మనిషి. మేస్త్రి సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు అనిపిస్తుంది.

ఇక్కడ బాపు ఇంకో మాట కలిపాడు. పొద్దున ఐనవోలులో ఒగ్గుకథ కాసేపు విని వచ్చాం కదా. అక్కడ కథ చెప్పే ఒగ్గు పూజారి ఒకడే మాట్లాడడు. పక్కన వంత పలికేవాడు ఉంటాడు. "ఆఁ", "అట్లనా", "మరేమైంది" అంటూ అందుకుంటాడు. డోలు అందుకుంటుంది. కథకుడు కాసేపు మల్లన్న గురించి చెబుతాడు, కాసేపటికి గొంతు మార్చి తనే మల్లన్న అవుతాడు, మళ్ళీ బయటికి వస్తాడు. "గీనికి వంత పాడెటోడు లేడు," అన్నాడు బాపు. నిజమే. గొంతు ఎంత మాట్లాడినా అవతలి నుంచి "ఆఁ" అన్న మాట రాదు. ఈ సినిమాలో వినబడే నిశ్శబ్దం అదే అనుకుంటాను. తుపాకీకి సైలెన్సర్ ఉంటుంది సరే, పేరులో ఉన్న నిశ్శబ్దం మాత్రం ఈ జవాబు లేకపోవడం.

తెలుగులో చెబుతుంటే ఇంకో సంగతి బయటపడింది. ఇంగ్లిష్‌లో ప్రతి వాక్యానికీ "యూ" కావాలి. మనకి అక్కర్లేదు, క్రియే మనిషిని మోస్తుంది. దిగినవ్. నడిచినవ్. చూసినవ్. పది నిమిషాలయ్యేసరికి నేను "నువ్వు" అనడమే మానేశాను, క్రియలు మాత్రం చెప్పుకుంటూ పోతున్నాను. అట్లా చెబుతుంటే గొంతు ఫ్రాంకీ బయట లేదు. వాడు చేసే ప్రతి పని తోకకూ అంటుకుని ఉంది. మెట్లెక్కితే ఉంది, సిగరెట్ ముట్టిస్తే ఉంది.

అసలు చిక్కు పండగ దగ్గర మొదలవుతుంది. పనికి టైముంది. ఫ్రాంకీ న్యూయార్క్ వీధుల్లో తిరుగుతాడు. క్రిస్మస్ దీపాలు, అద్దాల వెనక బొమ్మలు, పాటలు, చేతుల నిండా మూటలతో జనం. గొంతు అంటుంది, నీకు క్రిస్మస్ అంటే అసహ్యం. కెమెరా మాత్రం అసహ్యాన్ని చూపించదు. అద్దం ముందు ఆగి చూసే మనిషిని చూపిస్తుంది. ఈ సంగతి బాపుకు ఎట్లా చెప్పాలా అని ఆలోచించి ఇట్లా చెప్పాను. దసరానాడు సాయంత్రం, ఊరంతా జమ్మి ఆకు చేతిలో పట్టుకుని "బంగారం" అంటూ ఒకరికొకరు ఇచ్చుకుని, కౌగిలించుకుని, పెద్దల కాళ్ళు మొక్కుతున్న వేళ, జేబులో జమ్మి ఆకుతో ఒక్కడు బస్టాండులో నిలబడి ఉన్నాడు అనుకో. ఇవ్వడానికి ఎవరూ లేరు. అడిగితే నాకు పండగలు పడవు అంటాడు.

బాపు ఏమీ అనలేదు. సకినాల పళ్ళెం పక్కకు పెట్టాడు.

ఇక్కడ గొంతుకూ బొమ్మకూ తగవు మొదలవుతుంది. ఈ సినిమా గొప్పతనమంతా ఆ తగవులో ఉంది. గొంతు చెప్పేదే నిజమని నమ్మితే ఇది మామూలు కఠినమైన హంతకుడి కథ. బొమ్మను నమ్మితే అనాథాశ్రమంలో పెరిగి, ఎవరైనా పలకరిస్తే ఏం చేయాలో తెలియని మనిషి కథ. ఆ ఆశ్రమంలో తనతో పాటు పెరిగిన పీటీ అనేవాడు అనుకోకుండా కలిసి పార్టీకి లాక్కుపోతాడు. అక్కడ ఫ్రాంకీ నేల మీద పాకుతూ ఒక పల్లీగింజను ముక్కుతో నెట్టే ఆట ఆడతాడు! చంపడానికి వచ్చిన మనిషి, సూటులో, అందరి నవ్వుల మధ్య. పీటీ చెల్లెలు లోరీ అతన్ని పండగ భోజనానికి పిలుస్తుంది. ఆ దయను ప్రేమ అనుకుని, ఆ తర్వాత ఆమె మీద బలవంతం చేయబోతాడు. ఆమె తోసేస్తుంది. సినిమా ఈ ఘట్టాన్ని ఫ్రాంకీ బాధగానే చూస్తుంది తప్ప లోరీ భయంగా చూడదు. అరవై ఏళ్ళ కిందటి సినిమా అని సర్దుకోవచ్చు కానీ, నాకు అక్కడ బారన్ చిన్నవాడైపోయాడు. లోరీకి సొంత జీవితం ఉందని తెలిసేది ఫ్రాంకీ రెండోసారి వెళ్ళి ఆమె ఇంట్లో ఇంకో మనిషిని చూసినప్పుడే.

ఈలోగా బిగ్ రాల్ఫ్‌కు ఫ్రాంకీ ఎవరిని చంపబోతున్నాడో తెలిసిపోతుంది. ఎక్కువ డబ్బు అడుగుతాడు. ఫ్రాంకీ వాడి గదికి పోయి చంపుతాడు. అది శుభ్రమైన సినిమా హత్య కాదు. అసహ్యంగా, పెనుగులాటగా, ఎంతకీ అవ్వకుండా సాగుతుంది. దాని తర్వాత ఫ్రాంకీ ఫోన్ చేసి ఈ పని నా వల్ల కాదు, వదిలేస్తాను అంటాడు. అవతలి వాళ్ళు ఒప్పుకోరు. కొత్త సంవత్సరం లోపు అయిపోవాలి అంటారు.

"బయాన దీస్కున్నంక ఎనకకు వోవుడు ఉండదు," అన్నాడు బాపు.

చివరికి ట్రొయానోని చంపుతాడు. మిగతా సగం డబ్బు కోసం ఊరి బయట, నీళ్ళూ రెల్లూ ఉన్న చిత్తడి చోటికి వెళతాడు. అక్కడ పని ఇచ్చినవాళ్ళ మనుషులే కాల్చేస్తారు. ఆ సీనులో రెల్లు వంగిపోయేంత గాలి వీస్తుంటుంది. స్టూడియో ఫ్యాన్ల గాలి కాదది, 1960 సెప్టెంబరులో అమెరికా తూర్పు తీరాన్ని కొట్టిన డోనా తుఫాను గాలి. అప్పటి హాలీవుడ్ నియమావళి ప్రకారం హంతకుడికి శిక్ష పడి తీరాలి. 1934 నుంచి 1968 దాకా ఆ పద్ధతి నడిచింది. సాధారణంగా ఆ శిక్ష పోలీసుల చేతుల మీదుగా జరిగేది. ఈ సినిమాలో యజమానులే ఆ పని చేశారు. నియమం దక్కింది, నియమం పెట్టినవాళ్ళు ఆశించిన నీతి దక్కలేదు. పని చేయించుకున్నారు, కూలి అడిగితే చంపారు. అది బాపు వాక్యం, నాది కాదు.

అయితే మేస్త్రి సిద్ధాంతం ఇక్కడ తెగుతుంది. ఫ్రాంకీ నీళ్ళలో పడి చనిపోయాడు. గొంతు మాత్రం ఆగలేదు. ఇంకా "నువ్వు" అంటోంది. పని అయిపోయి, కూలీ చచ్చిపోయాక మేస్త్రికి ఏం పని? పైగా మొదట్లో వాడు పుట్టక ముందు నుంచీ ఉంది ఆ గొంతు. ఫ్రాంకీ మనసే మాట్లాడుతోంది అనుకుందామా అంటే, పుట్టుకకు ముందూ చావుకు తర్వాతా మనసు ఎక్కడుంటుంది? విధి అనుకుంటే సరిపోతుంది కానీ, విధి అన్న మాట ఏ తాళానికైనా పట్టే తాళంచెవి. అది పట్టిందంటే తాళం గురించి ఏమీ తెలియనట్టే.

సినిమా అయిపోగానే బాపు పేర్లు చూద్దామన్నాడు. "గా మాట్లాడినాయన పేరేది?" మొదటికి తిప్పి చూశాం. లేదు.

లేకపోవడం వెనక ఒక కథ ఉంది. ఆ గొంతు లయనల్ స్టాండర్‌ది. 1930ల్లో హాలీవుడ్‌లో బాగా తెలిసిన నటుడు, ఆ గరుకు గొంతే ఆయన గుర్తు. ఆ గొంతుకు మాటలు రాసింది వాల్డో సాల్ట్. తెర మీద ఆ చోట "మెల్ డావెన్‌పోర్ట్" అని ఉంటుంది. అట్లాంటి మనిషి లేడు. అది సాల్ట్ మారుపేరు.

1947లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక కమిటీ హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరో తేలుస్తామని విచారణ మొదలుపెట్టింది. మొండికేస్తారని తెలిసి పిలిచిన 19 మందిలో సాల్ట్ ఒకడు. అప్పుడు ఆయన వంతు రాకముందే విచారణ ఆగింది, జవాబు చెప్పం అన్న పదిమంది తర్వాత జైలుకు పోయారు. 1951లో మళ్ళీ పిలిస్తే సాల్ట్ జవాబులు చెప్పలేదు. స్టాండర్ 1953లో కమిటీ ముందుకు వెళ్ళి, దేశ రాజ్యాంగాన్ని కూలదోస్తున్నవాళ్ళు నాకు తెలుసు, కావాలంటే పేర్లు చెబుతాను అని మొదలుపెట్టి, చివరికి ఆ వేలు కమిటీ వైపే తిప్పాడు. విన్నవాళ్ళు నవ్వారు కానీ ఆయనకు సినిమాల్లో పని దొరకలేదు. ఎవరినీ అరెస్టు చేయనక్కర్లేదు, చట్టం చేయనక్కర్లేదు. స్టూడియోల వాళ్ళు ఫలానావాళ్ళకు పనివ్వం అని అనుకుంటే చాలు. రాసేవాళ్ళు మారుపేర్లతో, తక్కువ డబ్బుకు, దొడ్డిదారిన రాసి బతికారు. నటులకు ఆ దారి కూడా లేదు, మొహానికి మారుపేరు పెట్టలేం కదా. గొంతుకు అయితే పేరే పెట్టకుండా వదిలేయవచ్చు.

1960లో, అట్లా జైలుకు పోయిన పదిమందిలో ఒకడైన రచయిత డాల్టన్ ట్రంబో పేరు పెద్ద సినిమాల తెర మీదికి తిరిగొచ్చింది. కట్టు సడలుతోంది. అయినా ఈ చిన్న సినిమా దాకా ఆ ధైర్యం రాలేదు. సాల్ట్ తర్వాత "మిడ్‌నైట్ కౌబాయ్" రాసి ఆస్కార్ తీసుకున్నాడు. స్టాండర్ 1979లో మొదలైన ఒక టీవీ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసినవాడయ్యాడు. ఇదంతా తర్వాతి మాట. ఈ సినిమా తీసే నాటికి ఒకడు పేరు మార్చుకున్నవాడు, ఇంకొకడు పేరు లేనివాడు. పేరూ ఊరూ బయటపడకుండా పని చేసి, సగం డబ్బు తీసుకుని, మిగతా సగానికి భరోసా లేని మనిషి గురించి మాట్లాడమంటే వాళ్ళకంటే బాగా ఎవరు మాట్లాడతారు? సాల్ట్ తన కథే రాసుకున్నాడని నేననను. కానీ ఆ గొంతులోని చేదు రాసి తెచ్చిపెట్టుకున్నది కాదని మాత్రం అనిపిస్తుంది.

బారన్ సంగతి కూడా చెప్పాలి. ఈయన బొమ్మలు గీసే మనిషి, బ్రూక్లిన్‌వాడు. ఫ్రాంకీ పాత్రకు ముందు అనుకున్నది పీటర్ ఫాక్ అనే నటుణ్ణి. డబ్బిచ్చే ఇంకో సినిమా రావడంతో ఆయన అటు వెళ్ళాడు. వెళ్ళిన సినిమాలో నటనకు ఆయనకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. బారన్ ఇక వేరే దారి లేక తనే వేషం వేశాడు. నటన కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది. ఈ పాత్రకు అదే కలిసొచ్చింది. డబ్బు లేదు, అనుమతులు లేవు. నిజమైన వీధుల్లో, నిజమైన జనం మధ్య కెమెరా పెట్టి తీశారు. దూరాన చుక్కంత మనిషి వీధి చివర కనిపించి, నడిచి నడిచి మన మీదికి వచ్చేదాకా కెమెరా కదలని షాట్ ఒకటి ఉంది. మొదట్లో సొరంగం చుక్క పెద్దదైనట్టే ఇదీ. ఇట్లా వీధుల్లో దొంగచాటుగా తీసేటప్పుడు మాటలు రికార్డు చేయడం కష్టం, తర్వాత మీద నుంచి ఒక గొంతు పరిచేస్తే సుఖం. అంటే ఈ "నువ్వు" వెనక పేదరికం కూడా ఉంది. యూనివర్సల్ స్టూడియో కొని విడుదల చేసింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. బారన్ తర్వాత టీవీకి పోయి "చార్లీస్ ఏంజెల్స్" లాంటి సీరియళ్ళకు పనిచేశాడు. 2008లో మంచి ప్రింటుతో డీవీడీ వచ్చాకే ఇప్పటి ప్రేక్షకులకు ఈ సినిమా దొరికింది.

ఇవన్నీ బాపుకు చెప్పాను. విన్నాడు. "అయితె గా గొంతు పని పోయినోనిది," అన్నాడు. తన మేస్త్రి సిద్ధాంతాన్ని తనే కొట్టేశాడన్నమాట. కానీ చచ్చినవాడితో మాట్లాడటం ఎందుకన్నది మాత్రం తేలలేదు. ఆ చివరి రెండు నిమిషాలు మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తెలుగులో చెప్పాను. పడిపోయినవ్. ఒక్కనివే అయిపోయినవ్. చీకట్లకు మల్లిపోయినవ్.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహంలో టెన్షన్.

"ఎవలు వొయిండ్రురా?"

"ఎవలు వోలేదే. సినిమా," అన్నాడు బాపు.

"మరి వీడేంది, శోకం పెట్టవట్టె?"

చనిపోయినవాళ్ళ గురించి మనం "అతను పోయాడు" అంటాం. పేపర్లో అట్లాగే రాస్తాం. చనిపోయినవాళ్ళను "నువ్వు" అనేది ఒక్క చోటే, శవం పక్కన. మా దిక్కు ఆడవాళ్ళు పెట్టే శోకాలు విన్నవాళ్ళకు తెలుసు. అక్కడ ఏడుపు ఒక వరుసలో నడుస్తుంది. ఎట్లా పుట్టావో, ఎన్ని తిప్పలు పడి పెరిగావో, ఏ పండగకు రాకపోతివో, ఎవరి మాట విని ఎటు పోతివో, ఎవరి చేతుల్లో పడితివో. పుట్టుక దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టి దాకా, వాడి బతుకంతా వాడికే చెబుతారు. అందులో తిట్లుంటాయి, నిష్ఠూరాలుంటాయి, ఒక్కోసారి ప్రేమ కంటే అవే ఎక్కువ. వాడి నుంచి జవాబు రాదని తెలిసే చెబుతారు.

ఈ సినిమాలో గొంతు పలికే మొట్టమొదటి మాటకు అర్థం "గుర్తు చేసుకుంటే". ఆ నల్లటి తెర మీద. నేను దాన్ని మొదటిసారి ఎగరగొట్టేశాను, వాక్యంలో ఇమడక. ఎవరు గుర్తు చేసుకుంటున్నారు, ఎప్పుడు అని ఆలోచించలేదు. రైలు సొరంగంలో ఉండగానే, అంటే కథ మొదలవక ముందే, గొంతుకు కథంతా తెలుసు. ఫ్రాంకీ అప్పటికే పోయాడు.

అట్లా అయితే ఆ అసహ్యాలు, ఆ హెచ్చరికలు, నీకు ఒంటరితనమే మంచిది అన్న మాటలు, అన్నీ ఇంకో రకంగా వినాలి. పని చేయించే మేస్త్రి మాటల్లా కాదు, ఎందుకట్లా చేస్తివిరా అనే మాటల్లా. దసరాకు జమ్మి ఇచ్చేవాళ్ళు లేనివాడికి చావునాడు శోకం పెట్టేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? పేరు లేని ఒక గొంతు వచ్చింది.

ఇది నా జవాబు. స్టాండర్ గరుకు గొంతులో ఏడుపు ఎక్కడుంది అని అడిగేవాళ్ళు ఉంటారు. ఉండొచ్చు, నేను తెలుగులో విన్నాను కాబట్టి నాకు అట్లా వినబడింది.

అమ్మ కూడా కూర్చుంటానంది. మొదటి నుంచి పెట్టమంది. ఈసారి క్రియలు మార్చుకున్నాను. పుట్టావు కాదు, పుట్టినవ్ కూడా కాదు. పుడితివి. నొప్పులతోటి పుడితివి. చీకట్ల పడి వస్తివి.

తెర నల్లగా ఉంది. బాపు వైరు జోలికి పోలేదు.